రాయి వయసు వేరు, తోరణం వయసు వేరు

తిరుమల శిలాతోరణం దగ్గర వినిపించే "250 కోట్ల ఏళ్లు" అన్న అంకె ఆ రాతి కథలో అసలు ముఖ్యమైన భాగాన్ని కప్పేస్తోంది. సహజ తోరణాలను చూపించే తీరు మారాలి.

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల మగ్గాల షెడ్లలో తెలుగు వినపడటం కొత్తేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట వలస వెళ్లిన నేత కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. సెలవులు వస్తే ఈ కుటుంబాలు సొంతూళ్లకు రావడం, వీలు కుదిరితే అక్కణ్నుంచి తిరుమల వెళ్లడం మామూలే. దర్శనం అయ్యాక జీపు మాట్లాడుకుంటే పాపవినాశనం, ఆకాశగంగ, చక్రతీర్థంతో పాటు శిలాతోరణం కూడా చూపిస్తారు. కంచె ఇవతల నిలబడి ఫొటో దిగుతారు. "ఇది 250 కోట్ల ఏళ్ల నాటిది" అన్న మాట వింటారు. ఈలోగా జీపు హారన్ మోగుతుంది.

ఆ పది నిమిషాల్లో పిల్లలు వెంట తీసుకెళ్లే సైన్సు ఆ ఒక్క అంకె. చిక్కేమిటంటే, ఆ అంకె తోరణానిది కాదు. ఇది పండితుల మధ్య చిన్న తేడా అని తోసిపుచ్చడానికి వీల్లేదు. 250 కోట్ల ఏళ్లుగా చెక్కుచెదరకుండా నిలిచిందని నమ్మిన వస్తువు రేపు కూలుతుందని ఎవరూ అనుకోరు. కూలుతుందని అనుకోనప్పుడు దాని పగుళ్లను కొలిచేవారు ఉండరు, దాని కింద నిలబడవద్దని చెప్పేవారూ ఉండరు. సహజ తోరణాన్ని శాశ్వతమైన వింతగా చూపించడం మానేసి, రాయి జీవితంలో వచ్చిపోయే ఒక చిన్న దశగా చూపించడం మన దేశంలో ఇకనైనా మొదలు కావాలి.

ఒకే చోట మూడు వయసులు

తిరుమల కొండ దగ్గర మూడు వేర్వేరు కాలాలు ఒకదానిపై ఒకటి ఉన్నాయి. అడుగున ఉన్నది గ్రానైట్, దానికి దగ్గరి రకాల రాయి. 250 కోట్ల ఏళ్లు, అంతకు మించి అన్న లెక్క వర్తించేది ఈ పునాది రాయికి. భూగర్భ శాస్త్రంలో ఆర్కియన్ అనే అతి ప్రాచీన యుగం ముగిసింది కూడా దాదాపు ఆ సమయానికే.

ఆ పునాది మీద పరుచుకున్నది కడప శిలా సముదాయానికి చెందిన క్వార్ట్జైట్. క్వార్ట్జైట్ అంటే ఒకప్పటి ఇసుకరాయే. నిస్సారమైన సముద్రపు ఒడ్డున పేరుకున్న ఇసుక గట్టిపడి ఇసుకరాయి అయింది. ఆ తర్వాత రేణువుల మధ్య ఖాళీల్లో సిలికా నిండి, మొత్తం ఒకే ముద్దలా మారింది. మామూలు ఇసుకరాయిని పగలగొడితే పగులు రేణువుల చుట్టూ తిరిగి పోతుంది. క్వార్ట్జైట్‌లో పగులు రేణువులను కోసుకుంటూ నేరుగా పోతుంది. అందుకే అది అంత గట్టిది. శిలాతోరణం ఉన్న క్వార్ట్జైట్‌ను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ, అంటే జీఎస్ఐ, 160 కోట్ల నుంచి 57 కోట్ల ఏళ్ల కిందటి కాలానికి చెందినదిగా పేర్కొంది.

గ్రానైట్ ఏర్పడటానికీ దాని మీద ఇసుక పేరుకోవడానికీ మధ్య పెద్ద విరామం ఉంది. ఆ మధ్యకాలంలో పడిన పొరలు ఏవైనా ఉంటే అవి కోతకు గురై మాయమయ్యాయి. ఈ విరామాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. పుస్తకంలో నడుమ పేజీలు చినిగిపోయినట్టు ఊహించుకోవచ్చు. జీఎస్ఐ వివరణ ప్రకారం ఆ విరామం దాదాపు 80 కోట్ల ఏళ్లు. ఇలాంటి అంకెలు కొత్త కొలతలు వచ్చేకొద్దీ సవరణకు లోనవుతాయి. ఉదాహరణకు కడప బేసిన్‌లోని పాత పొరల్లోకి కరిగిన శిలాద్రవం చొచ్చుకొచ్చి గడ్డకట్టగా ఏర్పడిన పులివెందుల సిల్ వయసును ఖనిజ స్ఫటికాల సాయంతో కొలిస్తే దాదాపు 188.5 కోట్ల ఏళ్లు అని తేలింది. అంటే ఆ బేసిన్‌లో అవక్షేపాలు పడటం అంతకుముందే మొదలైందన్నమాట.

ఇక మూడో వయసు తోరణానిది. ఇసుక పేరుకోవాలి, రాయి కావాలి, భూమి లోపలి నుంచి పైకి లేవాలి, పైనున్న పొరలు కొట్టుకుపోయి ఎండకూ వానకూ ఎదురు నిలవాలి. అప్పుడు గాని రాతిలో రంధ్రం పడే పని మొదలు కాదు. నూరేళ్ల టేకుమాను కొట్టించి నిన్న తలుపు చేయించుకుంటే ఆ తలుపు వయసు నూరేళ్లు అనం. శిలాతోరణం విషయంలో మాత్రం సరిగ్గా అదే జరుగుతోంది. మాను వయసును, ఒక్కోసారి ఆ మాను మొలిచిన నేల వయసును కూడా, తలుపుకు అంటగడుతున్నారు.

కూలిన తోరణాల జాబితా

తోరణాలు ఎంత అల్పాయుష్షువో చెప్పడానికి ఈ శతాబ్దపు వార్తలే చాలు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న ఆర్చెస్ జాతీయ ఉద్యానంలో వాల్ ఆర్చ్ అనే పెద్ద తోరణం 2008 ఆగస్టులో ఒక రాత్రి కూలిపోయింది. మాల్టా దేశంలో గోజో దీవి తీరాన సినిమాల్లో కూడా కనిపించిన అజూర్ విండో 2017 మార్చి 8న తుపాను గాలుల మధ్య సముద్రంలో కలిసింది. గాలాపగోస్ దీవుల్లోని డార్విన్ ఆర్చ్ పైకప్పు 2021 మే 17న విరిగిపడి రెండు స్తంభాలు మాత్రం మిగిలాయి. 2024 ఆగస్టు 8న యూటాలోనే గ్లెన్ కాన్యన్ ప్రాంతంలోని డబుల్ ఆర్చ్ కూలింది. జలాశయంలో నీటిమట్టం మారుతూ ఉండటం, అలల కోత అందుకు కారణాలు కావచ్చని అధికారులు అప్పట్లో చెప్పారు.

ఒక మనిషి జీవితకాలంలో, ఇంకా చెప్పాలంటే ఒక బడిపిల్లవాడు డిగ్రీ పూర్తిచేసే లోపు, ఇన్ని ప్రసిద్ధ తోరణాలు పోయాయి. వాటిలో చాలావాటి రాళ్లు కోట్ల ఏళ్ల నాటివే. తోరణం అన్న ఆకారమే తాత్కాలికం. తిరుమల తోరణం గట్టి క్వార్ట్జైట్‌లో ఉంది కాబట్టి మెత్తటి ఇసుకరాతి తోరణాల కంటే చాలా ఎక్కువ కాలం నిలవవచ్చు. సూత్రం మాత్రం మారదు. ఏ కోత దాన్ని మలిచిందో ఆ కోతే దాన్ని ముగిస్తుంది.

నిలబడటం వెనుక భౌతికశాస్త్రం

ఇంతకీ నడుమ ఖాళీ ఉన్న రాయి ఎందుకు నిలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి తెలుగువారికి చేతికందే పోలిక ఒకటుంది. వరంగల్ కోటలోని కాకతీయుల తోరణాలు, తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో కనిపించేవి. వాటిని తోరణాలు అన్నా, నిర్మాణపరంగా అవి రెండు స్తంభాల మీద పరిచిన అడ్డదూలాలు. అడ్డదూలం తన బరువుకు తాను కొద్దిగా వంగాలని చూస్తుంది. అప్పుడు దాని పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. నొక్కుడుకు రాయి గట్టిది. సాగదీతకు మాత్రం చాలా బలహీనం. నొక్కుడును తట్టుకునే శక్తిలో సాగదీతను తట్టుకునే శక్తి సాధారణంగా పదో వంతుకు మించదు. అందుకే కాకతీయ శిల్పులు స్తంభాల నుంచి రెండు వైపులా చేతుల్లా బయటకు వచ్చే రాళ్లను పెట్టి, దూలానికి ఆధారం లేని దూరాన్ని తగ్గించారు.

కమాను ఆకారంలో ఈ సమస్య చాలావరకు ఉండదు. బరువు వంపు వెంట రెండు పక్కలకు జారి నేలలోకి దిగుతుంది. రాయంతా నొక్కుడులోనే ఉంటుంది. తిరుమలలో దాదాపు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఖాళీ మీద రాయి నిలిచి ఉండటానికి మూలసూత్రం ఇదే.

అయితే ఆ వంపును గీసిందెవరు? ఇంజినీరు లేకుండా కొండకు సరైన ఆకారం ఎలా తెలిసింది? 2014లో ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇరీ బ్రుథాన్స్, సహచరులు నేచర్ జియోసైన్స్ పత్రికలో ఇందుకు ఒక చక్కని జవాబు ప్రచురించారు. వాళ్లు ఒక క్వారీ నుంచి జిగురు లేకుండా రేణువులు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్న ఇసుకరాతి దిమ్మెలు తెచ్చారు. వాటి మీద బరువు పెట్టి నీటిలో ఉంచారు. పక్కల నుంచి ఇసుక రాలడం మొదలైంది. రాయి సన్నబడేకొద్దీ మిగిలిన భాగం మీద ఒత్తిడి పెరిగింది. ఒక స్థాయి దాటాక ఆ ఒత్తిడికే రేణువులు ఒకదానికొకటి గట్టిగా బిగుసుకుని రాలడం ఆగిపోయింది. బరువు మోస్తున్న భాగం నిలిచింది, మోయని భాగం కొట్టుకుపోయింది. స్తంభాలు, గూళ్లు, కమానులు వాటంతట అవే తేలాయి.

కమాను ఆకారానికి శిల్పి గురుత్వాకర్షణే. వానా గాలీ పనికిరాని మట్టిని తీసుకెళ్లే కూలీలు మాత్రమే. మెత్తటి ఇసుకరాతికి ఈ వివరణ బాగా అతుకుతుంది. క్వార్ట్జైట్ లాంటి గట్టి రాతిలో పగుళ్లు, పొరల మధ్య బలహీనమైన చోట్లు ఎక్కువ పాత్ర పోషిస్తాయి. ముక్కలు ముక్కలుగా ఊడిపడి ఖాళీ పెరుగుతుంది. ఏ దారిన వెళ్లినా చివరకు మిగిలేది బరువును నేలకు దించగలిగే ఆకారమే.

ఎడారి ఉద్యానం నేర్పే పాఠం

సహజ తోరణాలకు ప్రపంచంలో పెద్ద పాఠశాల ఆర్చెస్ జాతీయ ఉద్యానం. అక్కడ 2,000కు పైగా తోరణాలను నమోదు చేశారు. ఎడారి కాబట్టి గాలి చెక్కిందని చాలామంది అనుకుంటారు. అసలు పనంతా నీటిది, ఉప్పుది. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట ఆవిరైపోయిన సముద్రం అక్కడ మందమైన ఉప్పు పొర మిగిల్చింది. పైన పేరుకున్న రాతి బరువుకు ఉప్పు పిండిముద్దలా కదిలి కొన్నిచోట్ల ఉబ్బింది, కొన్నిచోట్ల కరిగి కుంగింది. పైనున్న ఇసుకరాయి సమాంతరంగా పగిలింది. పగుళ్ల వెంట నీరు దిగి, రాయి నిలువు గోడలుగా విడిపోయింది. ఏటా కురిసే కొద్దిపాటి వాన, చలికాలపు మంచు ఆ గోడల మెత్తటి పొరల్లో రంధ్రాలు చేశాయి.

ఈ వరుసంతా అక్కడ నడిచేవారికి కళ్ల ముందే కనిపిస్తుంది. డెలికేట్ ఆర్చ్ దాకా వెళ్లి రావడానికి దాదాపు 4.8 కిలోమీటర్లు నడవాలి, దాదాపు 150 మీటర్లు ఎక్కాలి. నీడ దాదాపు ఉండదు, నీళ్లు వెంట తీసుకెళ్లాల్సిందే. ఉద్యానంలో కాలినడకన తిరిగే మనిషికి ముందు పగుళ్లు పడిన బండ కనిపిస్తుంది. తర్వాత నిలువు గోడలు, గోడలో గూడు, గూడు లోతై రంధ్రం, రంధ్రం విచ్చుకుని తోరణం. కొంచెం పక్కన కూలిన తోరణపు దిమ్మెలు కూడా. పుట్టుక, వయసు, చావు ఒకే దారిలో వరుసగా ఉంటాయి. జీపు దిగి చివరి దశ ఒక్కటే చూసి వెనక్కి తిరిగితే ఈ కథ అందదు.

కూలడాన్ని ఆ ఉద్యానం ఎలా చూసిందన్నది మరో పాఠం. దాదాపు 88 మీటర్ల పొడవున్న లాండ్‌స్కేప్ ఆర్చ్ నుంచి 1991 సెప్టెంబరు 1న పెద్ద పలక ఊడి పడింది. కింద ఉన్న సందర్శకులు పరుగెత్తి తప్పించుకున్నారు. ఆ తర్వాత తోరణం కిందికి వెళ్లే దారిని మూసేశారు. తోరణానికి ఇనుప దన్నులు పెట్టలేదు. గత శతాబ్దం మధ్యలో డెలికేట్ ఆర్చ్‌కు రసాయన పూత పూసి గట్టిపరచాలన్న ఆలోచన కూడా వచ్చింది, దాన్నీ విరమించుకున్నారు. 2006లో ఒక పర్వతారోహకుడు ఆ తోరణం ఎక్కడంతో పేరున్న తోరణాలను ఎక్కడం మీద కచ్చితమైన నిషేధం వచ్చింది. మనుషుల వల్ల జరిగే నష్టాన్ని ఆపడం, ప్రకృతి పనిలో వేలు పెట్టకపోవడం, మనుషుల ప్రాణాలను దూరంగా ఉంచడం అక్కడి విధానం. మన దగ్గర కూడా ఇదే దారి మేలు. సిమెంటు పూసిన శిలాతోరణం ఇక సహజ తోరణం కాదు.

సూరత్ నుంచి బయల్దేరితే

ఈ పాఠం చదవడానికి యూటా దాకా వెళ్లనక్కర్లేదు. సూరత్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కే తెలుగు కుటుంబం కిటికీ పక్కన కూర్చుంటే చాలు. బండి తాపీ నది మోసుకొచ్చిన ఒండ్రు నేలను దాటి నందుర్బార్, జల్గావ్ వైపు సాగేటప్పుడు రెండు పక్కలా దక్కన్ లావా పరుపులు, వాటి నుంచి పుట్టిన నల్లరేగడి. ఆ లావా దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లు అంతరించిన రోజుల్లో పారింది. చంద్రపూర్ దాటి మంచిర్యాల వచ్చేసరికి గోండ్వానా ఇసుకరాళ్లు, బొగ్గు పొరలు. వరంగల్ చేరేసరికి అతి పురాతన గ్రానైట్. అక్కణ్నుంచి గూడూరు వెళ్లి తిరుపతి రైలు ఎక్కితే, చివరకు తిరుమల అంచున గ్రానైట్ మీద కూర్చున్న క్వార్ట్జైట్. ఒక్క టికెట్టుతో భూమి చరిత్రలో సగానికి పైగా కాలం కిటికీ పక్క నుంచి వెళ్లిపోతుంది. తెలుగు మాధ్యమంలో చదివే సూరత్ పిల్లలకు ఇంతకంటే మంచి భూగర్భశాస్త్ర పాఠం ఏముంటుంది?

నడవాలనుకునేవారికి ఇలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. సహ్యాద్రిలో భండారదరా దగ్గర రతన్‌గఢ్ కోట శిఖరాన బసాల్ట్ రాతిలో ఆరపార పెద్ద రంధ్రం ఉంది. మరాఠీలో దాన్ని నెఢే, అంటే సూదిబెజ్జం, అంటారు. గుజరాత్‌లోనే కచ్ జిల్లాలో కడియా ధ్రో అనే చోట నీరు ఇసుకరాతిని నునుపైన లోయలుగా, గుంతలుగా మలిచింది. 2021లో న్యూయార్క్ టైమ్స్ జాబితాకెక్కాక అది అందరి ఫోన్లలోకీ వచ్చింది. భూపాలపల్లి జిల్లాలో రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ఇసుకరాతి గూళ్లు, వాటి గోడల మీద ఆదిమానవుల చిత్రాలు ఉన్నాయి. ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా కనికా కొండల్లో పెద్ద ఇసుకరాతి తోరణమే ఉంది. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో మంగమారిపేట తీరాన మరో సహజ తోరణం సముద్రపు అంచున నిలిచి ఉంది. బసాల్ట్, ఇసుకరాయి, క్వార్ట్జైట్. రాయి మారినా ఆకారం మళ్లీ మళ్లీ అదే రావడం గురుత్వాకర్షణ ఎంత పట్టుదల గల శిల్పో చెబుతుంది.

అన్నిటికంటే ఆశ్చర్యం, మన దేశంలో అతి పెద్ద భూగర్భశాస్త్ర నడక ఇప్పటికే రోజూ జరుగుతోంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరే భక్తులు గ్రానైట్ పాదం దగ్గర మొదలై క్వార్ట్జైట్ కొండ మీద ఆగుతారు. అంటే మధ్యలో ఎక్కడో కోట్ల ఏళ్ల ఆ విరామాన్ని కాలినడకన దాటుతున్నారు. ఘాట్ రోడ్డులో వెళ్లేవారికి అదే విరామం కారు కిటికీలోంచి ఒక్క మలుపులో దాటిపోతుంది. జీఎస్ఐ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించిన హద్దు అది. దాన్ని గుర్తించి దాటేవారు ఎంతమంది?

చేయాల్సిన పనులు

మొదటిది బోర్డు. శిలాతోరణం దగ్గర, ఘాట్ రోడ్డులో, నడకదారిలో కొండ రాయి మారే ఎత్తు దగ్గర తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లిష్ భాషల్లో మూడు వాక్యాలు చాలు. కింది రాయి వయసు ఇంత, పై రాయి వయసు ఇంత, ఈ తోరణం వాటికంటే ఎంతో తర్వాత కోత వల్ల ఏర్పడింది, ఏదో ఒకనాడు కూలుతుంది. అంకె మారితే బోర్డు మార్చాలి. లెక్కను సవరించుకోవడం సైన్సుకు చిన్నతనం కాదని పిల్లలకు తెలియడానికి అది కూడా ఒక మార్గం.

రెండోది కొలత. యూటా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు తోరణాల మీద చిన్న కంపమాపకాలు పెట్టి వాటి సహజ కంపనాన్ని నమోదు చేస్తున్నారు. ప్రతి తోరణానికీ, వీణ తీగకు ఉన్నట్టే, తనదైన స్థాయి ఉంటుంది. ఎండకు వేడెక్కితే అది కొద్దిగా మారుతుంది, చల్లబడితే వెనక్కి వస్తుంది. వెనక్కి రాని మార్పు కనిపిస్తే లోపల పగులు పెరుగుతోందేమోనని అనుమానించాలి. దగ్గరగా ఎగిరే హెలికాప్టర్ల వల్ల ఇలాంటి రాతి ఆకారాలు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కంపిస్తాయని కూడా అక్కడి పరిశోధనలో తేలింది. రాయికి మేకు కొట్టకుండా, గీత పడకుండా చేసే పరీక్ష ఇది. తిరుమల తోరణానికి ఇలాంటి వైద్య రికార్డు ఒకటి ఉండటం కష్టమైన కోరిక కాదు. తిరుపతిలో విశ్వవిద్యాలయాలున్నాయి, ఐఐటీ, ఐసర్ ఉన్నాయి.

మూడోది చట్టం. కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ 2022 డిసెంబరులో భూవారసత్వ ప్రదేశాల పరిరక్షణకు ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. పాత కట్టడాలకు, అడవి జంతువులకు చట్టాలున్నాయి. రాళ్లకు ప్రత్యేక రక్షణ కావాలన్న ఆలోచన సరైనదే. అధికారమంతా జీఎస్ఐ చేతిలోనే పెట్టడం మీద, భూసేకరణ అధికారాల మీద శాస్త్రవేత్తల నుంచే వచ్చిన అభ్యంతరాలు కూడా సరైనవే. స్థానిక సంస్థలకు, విశ్వవిద్యాలయాలకు, ఆ కొండల కింద బతికే ఊళ్లకు చోటు లేని చట్టం కాగితం మీద మిగిలిపోతుంది.

అభ్యంతరాలు

నడక దారులు వేస్తే జనం పెరిగి నష్టమే ఎక్కువ అవుతుందన్న వాదనలో బలముంది. ఇసుకరాయి బూట్ల కింద అరుగుతుంది, పేర్లు చెక్కే చేతులకు మెత్తగా లొంగుతుంది. యూటా ఎడారిలో నేల మీద సూక్ష్మజీవులు, నాచు కలిసి అల్లిన నల్లటి పెచ్చు ఉంటుంది. ఒక్క అడుగు పడితే అది కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. అందుకే అక్కడ దారి తప్పి నడవొద్దని పదేపదే హెచ్చరిస్తారు. తిరుమల అడవి శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో భాగం, శేషాచలం జీవావరణ రిజర్వులో భాగం. అక్కడ చిరుతలున్నాయి. ఇష్టం వచ్చినట్టు తిరగడానికి అది పార్కు కాదు. కాబట్టి కొత్త దారులు తవ్వమని ఎవరూ కోరనక్కర్లేదు. ఉన్న మెట్ల దారి, ఉన్న ఘాట్ రోడ్డు, ఉన్న కంచె చాలు. కావలసింది అక్కడ నిలబడి చూడటానికి ఒక కారణం. కడియా ధ్రో, మంగమారిపేట లాంటి చోట్ల మాత్రం కంచె, దూరం, కాపలా అన్నీ కావాలి. తోరణం పైకెక్కి, కింద నిలబడి ఫొటోలు దిగడం ఆగాలి.

మరో అభ్యంతరం విశ్వాసం వైపు నుంచి రావచ్చు. తోరణం ఎత్తుకూ మూలవిరాట్టు ఎత్తుకూ ముడిపెట్టే నమ్మకం భక్తుల్లో ఉంది. తోరణం ఎలా ఏర్పడిందో చెప్పే బోర్డుకు ఆ నమ్మకంతో తగువు లేదు. భక్తుడు భక్తుడిగానే వస్తాడు. అయితే సైన్సు పేరుతో అతనికి చెప్పే అంకె సరైనదై ఉండాలి. 250 కోట్లు అన్నది పురాణంలోది కాదు, భూగర్భశాస్త్రం నుంచి ఎరువు తెచ్చుకుని తప్పుచోట అతికించినది. దాన్ని సరిదిద్దాల్సిన బాధ్యత సైన్సు వైపే ఉంది.

తోరణం ఎప్పటికీ ఉంటుందని చెబితే పిల్లలు ఒకసారి ఆశ్చర్యపోయి మరిచిపోతారు. ఇది ఎలా పుట్టింది, దేని మీద నిలిచింది, ఎలా పోతుంది అని చెబితే ఇంటికి వెళ్లే దారంతా బండలను చూస్తూ వెళతారు. ఏటా సూరత్ నుంచి తిరుమల దాకా ఇంత దూరం వచ్చే కుటుంబాలకు ఆ రెండోది దక్కాలి. అందుకు అయ్యే ఖర్చు కొన్ని బోర్డులు, ఒక కంపమాపకం, రాయి గురించి నిజం చెప్పడానికి కాస్త శ్రద్ధ.